జులై ఆఖర్లో అమ్మానాన్నలతో మౌంట్ రెయినియర్ వెళ్ళొచ్చా? భూకంపాలు, మోకాళ్ళ నొప్పులు, పూజకి పూలు

బోథెల్‌వాసి:

అందరికీ నమస్కారం. అమ్మానాన్న నరసరావుపేట నుంచి వచ్చి నెల దాటింది. మేముండేది వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్ పక్కన బోథెల్‌లో. మా వీధి చివర మలుపులో నిలబడితే, మబ్బు లేని రోజున రెయినియర్ కొండ కనిపిస్తుంది. నాన్న రోజూ సాయంత్రం వాకింగ్ నుంచి వచ్చి "ఇవాళ కొండ కనబడిందిరా" అనో, "ఇవాళ లేదు" అనో చెబుతుంటారు. ఒక్కసారి దగ్గరికి తీసుకెళ్ళమంటున్నారు. జులై ఆఖరి వారంలో ఆ కొండ మీద పారడైజ్ అనే చోటికి వెళ్దామని అనుకుంటున్నాం.

ఇంతలో అమ్మకి ఎవరో వాట్సాప్‌లో వీడియో పంపారు. అమెరికాలో అతి ప్రమాదకరమైన అగ్నిపర్వతాల్లో ఇదొకటని, 2025 జులైలో దాని కింద వందల కొద్దీ భూకంపాలు వచ్చాయని. అప్పట్నుంచీ ఆవిడకి ఒకటే టెన్షన్. మేం మాట్లాడుకునేది నిజంగా భయపడాల్సిన విషయమేనా?

ఇంకొన్ని సందేహాలు. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, అమ్మ బీపీ మందు వేసుకుంటుంది. ఎక్కువ నడవకుండా కొండ బాగా కనిపించే చోటు ఉందా? పూలు విరగబూసి ఉంటాయని విన్నాం. అమ్మకి పువ్వు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు, పూజకని నాలుగు కోసుకుంటే ఎవరైనా ఏమైనా అంటారా? మా పాపకి ఆరేళ్ళు. పూల మధ్యలో కూర్చోబెట్టి ఫొటో తియ్యాలని మా ఆవిడ కోరిక. వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి.

---

గోదావరి_గట్టు:

బోథెల్‌వాసి గారూ, నిశ్చింతగా తీసుకెళ్ళండి. నేను టకోమాలో ఉంటాను. ఎండాకాలం వీకెండ్లలో పారడైజ్‌లో వాలంటీరుగా తిరుగుతుంటాను. మమ్మల్ని మెడో రోవర్స్ అంటారు. పూల బయళ్ళ మధ్య దారుల్లో నడుస్తూ, వచ్చినవాళ్ళ ప్రశ్నలకి జవాబులు చెబుతూ, దారి దిగి పూలలోకి వెళ్ళినవాళ్ళని మళ్ళీ దారి మీదికి పిలవడం మా పని. అందుకే మీరు ఆఖర్న అడిగినదానితోనే మొదలుపెడతాను.

పూలు కోయకూడదండీ. ఒక్కటి కూడా. పాపని పూలలో కూర్చోబెట్టడమూ వద్దు. రూల్ అని మాత్రమే చెప్పట్లేదు, అక్కడ మొక్క ఎలా బతుకుతుందో తెలిస్తే మీకే మనసొప్పదు. పారడైజ్ 5,400 అడుగుల ఎత్తులో ఉంది. ఏడాదికి సగటున 640 అంగుళాల మంచు పడుతుంది, అంటే 53 అడుగులు. 1971-72 చలికాలంలోనైతే 1,122 అంగుళాలు పడింది. ఈ మంచంతా కరిగి నేల బయటపడేసరికి చాలాచోట్ల జులై వచ్చేస్తుంది. అక్టోబరుకి మళ్ళీ మంచు మొదలు. మధ్యలో దొరికే ఆ కాస్త వ్యవధిలోనే మొక్క చిగురించాలి, పూయాలి, గింజ కట్టాలి. కోసిన పువ్వు ఆ ఏడాదికి గింజ కాదు.

అక్కడ హెదర్ అని నేలబారు పొద ఒకటి ఉంటుంది, చిన్న గంటల్లాంటి గులాబీరంగు పూలతో. కొన్నిచోట్ల ఆ పొదలు గుంపుగా వేల ఏళ్ళ నుంచీ అదే నేలని పట్టుకుని ఉన్నాయట. దాని మీద ఎవరైనా అడుగేసి వెళ్ళాక మోకాళ్ళ మీద కూర్చుని చూడండి. సన్నటి కొమ్మ ఒరిగిపోయి, బెరడు చీరుకుపోయి, లోపల తెల్లగా కనిపిస్తుంది. అది మళ్ళీ లేవడానికి ఏళ్ళు పడుతుంది. ఈలోపు వెనక వచ్చే కుటుంబం ఆ అడుగు చూసి అదే దారనుకుంటుంది. నాలుగు జతల బూట్లు పడ్డాక నేల గట్టిపడిపోతుంది, మంచు కరిగిన నీళ్ళు ఇంకకుండా ఆ గాడిలోంచే పారతాయి, మట్టి కోసుకుపోతుంది. రెండు వేసవులు తిరిగేసరికి పూలున్న చోట కాలువ ఉంటుంది. అలాంటివి మీకు చాలా చూపించగలను.

ఈ పార్క్ ఏర్పడింది 1899లో, అమెరికాలో ఐదో నేషనల్ పార్క్. పార్క్ అని పేరు పెట్టినంత మాత్రాన పూలకి రక్షణ దొరకలేదు. ఒకప్పుడు కార్లు తెచ్చి ఈ బయళ్ళలోనే ఆపేవారు, గుడారాలు వేసేవారు, వరసగా క్యాబిన్లు కట్టారు. 1931లో ఏకంగా గోల్ఫ్ కోర్సు పెట్టారు! అప్పటి మచ్చల్ని ఇంకా పూడుస్తూనే ఉన్నారు. ఇదే కొండ మీద ఏరిన గింజల్ని పార్క్ వాళ్ళు గ్రీన్‌హౌస్‌లో నారు పోసి, పెంచి, తెచ్చి నాటిస్తారు. వేసవి చివర్లో ఆ నాట్లకి నేనూ వెళ్తాను. మాది కోనసీమ, మా అమ్మ వరినాట్లు వేసిన చేతులతో పెరిగినదాన్ని, అయినా అక్కడి మట్టిలో వేలు దిగక ఇనుప పరికరంతో గుచ్చి గుచ్చి గుంట చేస్తేగాని మొక్క నిలబడదు. అలా నాటిన చోట, పక్కనే బోర్డు పెట్టి తాడు కట్టినా, ఎవరైనా దాటుకెళ్ళి ఫొటోకి నిలబడితే నాకు గుండె కలుక్కుమంటుంది.

మీ అమ్మగారికి నేనైతే ఇలా చెబుతాను, మనవాళ్ళ పెద్దవాళ్ళందరికీ అక్కడ ఇదే చెబుతుంటాను: "అమ్మా, ఇవి ఈ కొండకి ఇప్పటికే పెట్టిన పూలు. పూజ జరుగుతూ ఉంది, మనం దణ్ణం పెట్టుకుందాం." ఇప్పటిదాకా ఒక్క అమ్మ కూడా నాతో వాదించలేదు. చేతులు జోడించి, నా తల నిమిరి వెళ్ళినవాళ్ళున్నారు. కోసి తీరాల్సిందే అనుకుంటే ఆగస్టు చివర్నో సెప్టెంబర్లోనో మళ్ళీ రండి. హకల్‌బెర్రీలు పండుతాయి, అక్కడికక్కడ తినడానికి కొద్దిగా కోసుకోవడానికి అనుమతి ఉంది.

ఫొటోకి దారి వంపు తిరిగే చోటు చూసుకోండి. పాపని దారి మీదే కూర్చోబెట్టి, మీరూ నేల మీద కూర్చుని ఫోన్‌ని పూల ఎత్తుకి దించండి. ముందూ పూలే, వెనకా పూలే వస్తాయి, పైన కొండ. పూలలోకి దిగి నిలబడి తీసినదానికంటే ఇదే నిండుగా ఉంటుంది. పొద్దున్నే వెళ్తే లూపిన్ అనే పూమొక్క ఆకు మధ్యలో మంచు బొట్టు నిలిచి ఉంటుంది, పాపకి తప్పకుండా చూపించండి. ఆకులు చుట్టూ వేళ్ళలా విచ్చుకుని ఉంటాయి, సరిగ్గా అరచేతిలో తీర్థం పట్టినట్టు.

ఇక అగ్నిపర్వతం సంగతి. వీడియోలో చెప్పింది అబద్ధం కాదు, సగమే చెప్పారు. 2025 జులై 8న మొదలై వందల కొద్దీ చిన్న ప్రకంపనలు వచ్చాయి, 2009 తర్వాత అంత పెద్ద వరస అదే. కానీ వాటిలో పెద్దదాని తీవ్రత 2.4. పైన నిలబడ్డ మనిషికి తెలియను కూడా తెలియదు. అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళు హెచ్చరిక స్థాయిని మామూలు నుంచి కదపలేదు. కొండలో వేడినీళ్ళు, పగుళ్ళు ఉంటాయి కాబట్టి అలాంటి కదలికలు వస్తుంటాయి. చివరిసారి లావా స్థాయిలో బద్దలై సుమారు వెయ్యేళ్ళయింది.

మరి ప్రమాదకరమని ఎందుకంటారు? మంచు వల్ల, బురద వల్ల, కింద లోయల్లో ఉన్న జనం వల్ల. 14,410 అడుగుల కొండ, ఒంటి నిండా గ్లేసియర్లు, అంటే మెల్లగా జారే మంచునదులు. లోపలి వేడి వాయువులు రాతిని కొన్నిచోట్ల బంకమట్టిలా మెత్తబరిచేశాయి. ఆ రాయి విరిగి మంచుతో, నీళ్ళతో కలిస్తే తడి సిమెంటులాంటి ప్రవాహం లోయ వెంట దూసుకొస్తుంది. లహార్ అంటారు దాన్ని. సుమారు 5,600 ఏళ్ళ కిందట శిఖరమే కూలి, ఆ బురద సముద్రపు పాయ దాకా వెళ్ళింది. ఇప్పుడు ఎనమ్‌క్లా, బక్లీ ఊళ్ళు ఉన్నది ఆ బురద మీదే. అంత పెద్దది కాకపోయినా, 1947 అక్టోబరులో కాట్జ్ క్రీక్‌లో వానకే బురద విరుచుకుపడి రోడ్డుని కప్పేసింది, అగ్నిపర్వతం బద్దలవకుండానే. నిస్క్వాలీ గేటు నుంచి లోపలికి వెళ్ళేటప్పుడు ఆ చోటు దాటుతారు.

పారడైజ్ గట్టు మీద ఎత్తుగా ఉంది, బురద నడిచేది లోయల్లో. దారిలో లాంగ్‌మైర్ లాంటి చోట్ల నది ఒడ్డున ఉన్నప్పుడు రైలు వస్తున్నట్టు మోత వినిపించినా, నీళ్ళు హఠాత్తుగా పెరిగినా, సామాన్లు చూసుకోకుండా పక్క వాలు ఎక్కెయ్యాలి. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు.

నాన్నగారికి మర్టిల్ ఫాల్స్ సరిపోతుంది. పారడైజ్ నుంచి అర మైలు లోపే, దారికి తారు వేసి ఉంటుంది. వంతెన దగ్గర నిలబడితే కింద జలపాతం, పైన కొండ. ఓపిక ఉంటే నిస్క్వాలీ విస్టా, చుట్టి వస్తే 1.2 మైళ్ళు. అక్కడినుంచి గ్లేసియర్ కొస కనిపిస్తుంది. స్కైలైన్ ట్రైల్ జోలికి పెద్దవాళ్ళతో వెళ్ళకండి, 1,700 అడుగులు ఎక్కాలి.

---

లోయలో_ఇల్లు:

పై ఆవిడ చెప్పిన బురద గురించి నేనూ రెండు మాటలు. మేం కొండ కింద లోయలో ఓర్టింగ్ అనే ఊళ్ళో ఉంటున్నాం. కొండ మీదికి ఒక్కరోజు వెళ్ళేవాళ్ళ కంటే మాకే దానితో పని ఎక్కువ. ప్రతినెలా మొదటి సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి మా దగ్గర లహార్ సైరన్ మోగించి పరీక్షిస్తారు. మా అత్తగారు కొత్తగా వచ్చినప్పుడు కంగారుపడ్డారు, ఇప్పుడు సైరన్ విని అన్నానికి లేస్తారు.

ఈ ఊరు సుమారు 500 ఏళ్ళ కిందట వచ్చిన, ఎలక్ట్రాన్ అని పేరు పెట్టిన బురదప్రవాహం మీద కట్టింది. ఇళ్ళకి పునాదులు తవ్వుతుంటే ఆ బురదలో నిలువునా కూరుకుపోయిన పెద్ద పెద్ద చెట్ల మొదళ్ళు బయటపడ్డాయి. దానికి ముందు అగ్నిపర్వతం బద్దలైన ఆధారం ఏదీ దొరకలేదు. కొండచరియ విరిగినా రావచ్చన్నమాట. మాకున్న అసలు బెంగ అదే. అందుకే 1998 నుంచి పైన లోయల్లో నేల అదురు పసిగట్టే పరికరాలు పెట్టి ఉంచారు. అవి పట్టుకున్నాక మా చేతిలో ఉండేది గంట లోపే.

2024 మార్చిలో ఈ లోయ స్కూళ్ళన్నీ కలిసి డ్రిల్ చేశాయి, 45 వేలకు పైగా పిల్లలు. మా అబ్బాయి స్కూలు నుంచి నడిచే వెళ్ళాడు, ఎందుకంటే నిజంగా వస్తే కార్లన్నీ ఒక్కసారి రోడ్డెక్కి ఎక్కడివక్కడ ఆగిపోతాయి. వాడు ఇంటికొచ్చి "బూట్లు గుమ్మం దగ్గరే పెట్టుకోవాలమ్మా" అన్నాడు. అప్పట్నుంచీ అందరం అలాగే పెడుతున్నాం. ఈ చుట్టుపక్కల ఇల్లు కొనాలనుకునే మనవాళ్ళు ధర, స్కూలు రేటింగుతో పాటు కౌంటీ వాళ్ళ లహార్ మ్యాప్ కూడా తెరిచి చూడండి. ఎంతో మంది చూడరు.

---

ట్రెక్కింగ్_తమ్ముడు:

అక్కా, ఒక డౌట్. నేను జులై మొదట్లో వెళ్ళినప్పుడు స్కైలైన్ సగం మంచు కిందే ఉంది. దారే కనిపించలేదు, జనం ఎటుపడితే అటు నడుస్తున్నారు, రేంజర్లు కూడా ఏమీ అనలేదు. దారి దిగొద్దనే మాట అప్పుడు వర్తించదా? కొంచెం అతిగా చెబుతున్నట్టు అనిపించింది, ఏమీ అనుకోకండి.

---

గోదావరి_గట్టు:

తమ్ముడూ, మంచి ప్రశ్న. లోతుగా మంచు ఉన్నచోట నడవచ్చు, కింద మొక్కలకి ఏమీ కాదు. అందుకే ఎవరూ ఏమీ అనలేదు. మంచు అయినా ఉండాలి, దారి అయినా ఉండాలి, రెంటికీ మధ్యలో కాలు పెట్టకూడదు. ఎక్కువ నష్టం జరిగేది మంచు అంచు దగ్గరే. అక్కడ మందం అంగుళం కూడా ఉండదు. వంగి చూస్తే ఆ పలుచటి మంచుని పొడుచుకుని అవలాంచ్ లిల్లీ అనే పూమొక్క మొలక పైకొస్తూ ఉంటుంది, చుట్టూ చిన్న కన్నం కరిగి. అలాంటి అంచు మీదే జనం బురద తప్పించుకోవడానికి పక్కకి జరుగుతారు. కాబట్టి బురద ఉంటే బురదలోంచే నడు. బూట్లు కడుక్కోవచ్చు.

ఇంకోటి, వాగుల మీద మంచు వంతెనల్లా నిలిచి ఉంటుంది. కింద నీళ్ళు దాన్ని లోపల్నుంచి తినేస్తుంటాయి, పైకి మాత్రం గట్టిగానే కనిపిస్తుంది. నీళ్ళ చప్పుడు వినిపించే చోట మంచు మీద నిలబడొద్దు. ముఖ్యంగా పిల్లలతో వచ్చేవాళ్ళు.

అతిగా చెబుతున్నానని అనిపించడంలో తప్పు లేదు. కానీ నువ్వు చూసింది ఒక్క జులై. 1896 నుంచి 2021 దాకా లెక్క చూస్తే ఈ కొండ గ్లేసియర్ల విస్తీర్ణం 42 శాతం తగ్గిపోయింది. స్టీవెన్స్ గ్లేసియర్‌ని ఇక గ్లేసియర్ల లెక్కలోంచే తీసేశారు. ఆ వేడిని నేనూ ఆపలేను, నువ్వూ ఆపలేవు. బూటు ఎక్కడ పెట్టాలన్నది మాత్రం మన చేతిలోనే ఉంది, అందుకే అంత పట్టుబట్టి చెబుతాను.

---

బోథెల్‌వాసి:

అక్కా, మీ జవాబు అమ్మకి చదివి వినిపించాను. "పూజ జరుగుతూ ఉంది" అన్న చోట ఆగి, మళ్ళీ చదవమంది. పూల సంగతి తేలిపోయింది. ఇప్పుడు ఆవిడ అడిగేదేమిటంటే, అక్కడి పాతవాళ్ళకి కూడా అది దేవుడి కొండేనా అని. నాన్న ప్రశ్న వేరే: వెయ్యేళ్ళ నుంచి బద్దలవకపోతే, లోపల ఇంకా వేడి ఉందని ఎలా తెలుసు?

---

గోదావరి_గట్టు:

రెంటికీ కలిపి ఒక కథ ఉంది. ఈ కొండని తహోమా అంటారు ఇక్కడి ఆదివాసులు. నిస్క్వాలీ, పుయల్లప్, మకల్‌షూట్, యాకమా, కౌలిట్జ్, స్క్వాక్సిన్ ఐలండ్ తెగలకి దీనితో తరతరాల అనుబంధం. వేసవిలో ఈ బయళ్ళకే హకల్‌బెర్రీల కోసం, వేట కోసం వచ్చేవారు. 1870లో స్టీవెన్స్, వాన్ ట్రంప్ అనే ఇద్దరు కొండ ఎక్కడానికి వచ్చినప్పుడు స్లూయిస్కిన్ అనే ఆదివాసి దారి చూపించాడు. పారడైజ్ దగ్గరికి వచ్చాక, పైకి మాత్రం వెళ్ళొద్దని ఎంతగానో బతిమాలాడు. వాళ్ళు వినకుండా ఆగస్టు 17న శిఖరం చేరారు. చీకటి పడింది, దిగే వీలు లేదు. ఆ గాలిలో, ఆ చలిలో తెల్లారేసరికి ప్రాణాలు పోవాల్సిందే. శిఖరం మీది బిలంలో కొండ ఆవిరి కరిగించిన మంచు గుహ ఒకటి దొరికితే అందులో రాత్రంతా కూర్చుని బతికారు. ఆ ఆవిరి ఇప్పటికీ వస్తూనే ఉంది, ఆ గుహలు ఇప్పటికీ ఉన్నాయి. లోపల వేడి ఉందనడానికి నాన్నగారికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నాన్నగారికి ఇంకొకటి చూపించండి. పారడైజ్‌కి ఎక్కేటప్పుడు నిస్క్వాలీ నది మీద వంతెన దాటుతారు. 19వ శతాబ్దం మధ్యలో ఆ చోటు గ్లేసియర్ కింద ఉండేది. ఇప్పుడు దాని కొస చూడాలంటే తలెత్తి పైకి చూడాలి.

వెళ్ళేటప్పుడు పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్ళండి, కానీ ఎంత దీనంగా చూసినా పారడైజ్ పార్కింగ్‌లో తిరిగే నక్కకి జంతిక ముక్క కూడా వెయ్యకండి, పాపకి ముందే చెప్పి ఉంచండి. ఆ కాస్కేడ్ ఎర్రనక్కని 2022లో ఈ రాష్ట్రం అంతరించిపోతున్న జాతిగా గుర్తించింది. తిండికి అలవాటుపడి రోడ్డు మీదికొచ్చి కార్ల కింద పడుతున్నాయి.

పార్క్ లోపల కారుకి గ్యాస్ దొరకదు, ఫోన్ సిగ్నల్ దాదాపు ఉండదు. వీకెండ్ అయితే ఏడింటికల్లా గేటు దాటేలా బయల్దేరండి, పది దాటితే పార్కింగ్ కోసం గంటలు పోతాయి. ముందురోజు రాత్రి పార్క్ వెబ్‌సైట్‌లో రోడ్లు, కెమెరా చూసుకోండి, మబ్బు పట్టి ఉంటే ఇంకో రోజుకి మార్చుకోవడం మేలు. అమ్మగారికి స్వెటరు, టోపీ, ఎక్కువ మంచినీళ్ళు పెట్టండి. మర్టిల్ ఫాల్స్ వంతెన పక్కన నీలం చొక్కాలో ఒకావిడ కనిపించి తెలుగులో పలకరిస్తే, నేనే అయ్యుంటాను.